గోడ మీద నాలుగు వేళ్ళు

ఇటుక తడిగా ఉంది.

రాత్రి వాన కురిసి వెలిసింది. ఎండ ఇంకా పెరట్లోకి దిగలేదు. తడిసిన ఇటుక వాసన — పచ్చి మట్టికీ కాలిన మట్టికీ మధ్య ఎక్కడో ఉండే వాసన — ముక్కుకు తగిలితే చాలు, మేస్త్రీకి ఒళ్ళంతా మేలుకుంటుంది.

ఒళ్ళంతా అంటే... కుడిచెయ్యి తప్ప.

అది ఇంకా పడుకునే ఉంది.

రెండు వేళ్ళు గోడకు ఆనించాడు. చూపుడు వేలు, మధ్య వేలు. కోడిపిల్ల కాళ్ళలా ఒకదాని వెనక ఒకటి. ఇటుక గరుకు. ఇటుకకూ ఇటుకకూ మధ్య సందు చల్లన. మళ్ళీ గరుకు. మళ్ళీ చల్లన.

తొమ్మిదో వరస.

పదో వరస.

పదకొండు — నడుము ఎత్తు — చెయ్యి అక్కడ ఆగిపోయింది.

అతను దాన్ని తొయ్యలేదు. తిట్టలేదు. అది ఆగిన చోటే తనూ ఆగాడు. పక్కనే ఒక చీమ గోడ ఎక్కుతోంది. పదకొండు దాటింది. పన్నెండు దాటింది. వెనక్కి తిరిగి చూడలేదు.

"పద పద," అన్నాడు దానితో. "నేనూ వస్తున్నా."

ఆ రోజుకు మేస్త్రీ ఆడిన మాట అదొక్కటే.

అరవై ఆరేళ్ళ మనిషి. అందులో యాభై ఏళ్ళు ఇటుక మీద ఇటుక పెట్టడంలోనే గడిచాయి. పేరుంది గానీ ఆ పేరుతో ఎవరూ పిలవరు. వీధి మొత్తానికి మేస్త్రీయే. మాట తక్కువ. ఏదైనా చెప్పాల్సి వస్తే తాపీ చెప్పేది — టక్కున ఒక దెబ్బ పడితే ఇటుక బాగుందని, టక టకమని రెండు పడితే పక్కన పారెయ్యమని. కూలీలకు అర్థమయ్యేది. భార్యకూ అర్థమయ్యేది, తాపీ లేకపోయినా.

ఈ పెరటి గోడ అతను కట్టిందే. ముప్పై ఏళ్ళయింది. ఎవరెవరి ఇళ్ళకో అద్దంలాంటి పూత పూసిన మనిషి, తన గోడకు మాత్రం "వచ్చే వారం" అంటూ ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. భార్య ఆ మాట ఎత్తిపొడవని నెల లేదు.

ఇప్పుడు ఆ పూత లేని గోడే పనికొచ్చింది. పూసి ఉంటే వరసలు కనపడేవా?

"చూశావా," అన్నాడు ఇంకో రోజు ఆమెతో. "ముందుచూపు."

"అవునవును. ముప్పై ఏళ్ళ కిందటే భుజం తెగుతుందని చూసి పెట్టుకున్నావు," అంది ఆమె, గిన్నె తోముతూ, తలెత్తకుండానే.

భుజం తెగింది ఎండాకాలంలో.

రెండో అంతస్తు పరంజా మీద నిలబడి తాడుతో సిమెంటు మాలు బకెట్టు లాగుతున్నాడు. ముడి జారింది. బకెట్టు జారింది. వదిలెయ్యొచ్చు. కానీ కింద మేనల్లుడున్నాడు — ఇరవై ఏళ్ళుగా తన కిందే పనిచేస్తున్న చెల్లెలి కొడుకు — పైకి చూస్తూ ఏదో జోకు చెబుతూ నిలబడి ఉన్నాడు.

మేస్త్రీ వదల్లేదు.

లోపల ఎక్కడో చర్రుమంది. పాత దుప్పటి చిరిగినట్టు.

బకెట్టు మాత్రం మెల్లగా దిగింది, కోడి గుడ్డు పెట్టినంత మెల్లగా. మేనల్లుడికి చివరిదాకా ఏమీ తెలీదు. జోకు పూర్తిచేసి తనే నవ్వుకున్నాడు.

డాక్టరు భుజం కోసి, లోపల తెగిన తాడును ఎముకకు కుట్టాడు. కుట్టాక ఒక మాట చెప్పాడు. ఈ వయసులో అది అతుక్కోవడం ఒక ఎత్తు, బలం రావడం ఇంకో ఎత్తు. చెయ్యి తల దాటి లేస్తుందా... ఇప్పుడే చెప్పలేను.

తల దాటి.

ఆ రెండు మాటలే మేస్త్రీ చెవిలో ఉండిపోయాయి. మిగతావి జారిపోయాయి.

ఎందుకంటే వీధి చివర రొట్టెల బట్టీ కూలిపోయింది.

బేకరీ ఆయన తండ్రి కాలంలో మేస్త్రీ కట్టిన బట్టీ అది. ఇటుక గుమ్మటం. గుడ్డును అడ్డంగా కోసి బోర్లించినట్టుండేది. లోపల కట్టెలు మండి ఆరిపోయాక కూడా మర్నాటిదాకా వేడి పట్టుకుని కూర్చునేది. వీధి మొత్తం ఆ వాసనతోనే నిద్రలేచేది. ఎండాకాలం చివర గుమ్మటం నడినెత్తిన పగులు వచ్చింది. ఒక మధ్యాహ్నం, లోపల రొట్టెలు లేనప్పుడు, పెద్దమనిషి కూర్చున్నట్టు మర్యాదగా కూలబడింది.

అప్పటికి మేస్త్రీ చెయ్యి మెడకు కట్టిన జోలెలో ఉంది.

బేకరీ ఆయన చిన్న గ్యాసు పొయ్యి మీద కాల్చిన రొట్టె పట్టుకుని చూడటానికి వచ్చాడు.

"ఒక ముక్క తినిపెట్టు," అన్నాడు. "నేనేం చెప్పను. నువ్వే చెప్పు."

మేస్త్రీ నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"ఉడికింది," అన్నాడు. "కాలలేదు."

బేకరీ ఆయన కళ్ళు తుడుచుకున్నంత పని చేశాడు. "అదీ మాట. ఇంట్లో చెబితే నాకు పిచ్చి అంటారు." ఇంకో సంగతీ చెప్పాడు — పెద్ద కొడుకు ఒక ఇనప బీరువా తెప్పిస్తానంటున్నాడు. స్విచ్చు నొక్కితే వేడెక్కేది. ఆపితే చల్లారేది. "చలి ముదిరేదాకా ఆగమన్నాను. ఆ తర్వాత నా మాట చెల్లదు. ఆ చోటు ఆ బీరువాకి వెళ్ళిపోతుంది."

వేరే మేస్త్రీలు లేక కాదు. ఉన్నారు. గుమ్మటం కట్టాలంటే అందరూ కింద చెక్కల ఊత అడుగుతారు. ఆ చెక్కలు నింపేందుకు బట్టీలో చోటూ లేదు, గుమ్మటం మూశాక వాటిని బయటికి లాగే దారీ లేదు. మేస్త్రీ పద్ధతి వేరు. ఊత ఉండదు. ఒక మనిషి లోపల కూర్చుంటాడు. ఒక మనిషి బయట నుంచి ఇటుక పేరుస్తాడు. వరస పూర్తయి గుండ్రంగా కలిసేదాకా లోపలి మనిషి అరచెయ్యే ఊత. వరస కలిసిందా — ఇక అది పడదు, ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

మేనల్లుడు ఎప్పుడూ బయటే. లోపల కూర్చునే పని మేస్త్రీదే.

"నేను లోపలికి వెళ్తా మావయ్యా," అన్నాడు మేనల్లుడు. బకెట్టు సంగతి తెలిసినప్పటినుంచీ అతను రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు. "నువ్వు బయటుండి చెప్పు, చాలు."

మేస్త్రీ అతని పొట్టవైపు చూశాడు. బట్టీ నోరు ఎంత వెడల్పో చేత్తో చూపించాడు, ఎడమచేత్తో.

"నీ తల లోపలికి వెళ్తుంది అల్లుడూ," అన్నాడు. "మిగతా నువ్వు వీధిలోనే ఉంటావు."

ఆరు వారాలు జోలె.

ఆ తర్వాత రెండు వీధుల అవతల ఉన్న ఒక చిన్న గది. తలుపు పైన గిలక, దానికి తాడు. మేకుకు వేలాడే రంగు రంగుల రబ్బరు పట్టీలు. నిలువుటద్దం. వాటి మధ్య చురుగ్గా తిరిగే ఒక అమ్మాయి. ఆమెను మేస్త్రీ ఇంట్లో 'చెయ్యి తిప్పే అమ్మాయి' అనేవారు.

మేస్త్రీ గదిలో అడుగు పెట్టగానే మూల చూశాడు.

"ఈ గోడ వేలెడు బయటికి వాలింది," అన్నాడు.

"గోడకు నేను వైద్యం చెయ్యనండీ," అంది అమ్మాయి. "మీరు ఒంగోండి. చెయ్యి కిందికి వదిలెయ్యండి. తూకం గుండు దారానికి వేలాడుతుంది చూడండి, అలా."

అది తెలిసిన మాట. యాభై ఏళ్ళుగా తెలిసిన మాట. మేస్త్రీ ఒంగి చెయ్యి వదిలాడు. వదిలి, ఊపిరి బిగబట్టాడు.

చెయ్యి కదల్లేదు.

అమ్మాయి చూసింది. ఇంకా చూసింది. "ఊగాలి కదా తాతగారూ."

"ఊగకూడదమ్మా," అన్నాడు తలకిందులుగానే. "గుండు ఊగితే తూకం ఎట్లా చూస్తాం?"

అమ్మాయి నవ్వింది. గిలక తాడు పట్టుకున్న ఇంకో పెద్దాయనా నవ్వాడు. మేస్త్రీ కూడా, ఇన్నాళ్ళ తర్వాత, భుజం మీద ఐసు ముక్క జారినట్టు నవ్వాడు. ఆ నవ్వుకే చెయ్యి కొంచెం ఊగింది.

ఊగింది.

చిన్న సున్నా. ఉంగరమంత సున్నా.

అది చాలు. దారిలో ఇంటికి నడుస్తుంటే కాళ్ళకు నేల ఆనలేదు.

అలా గోడ దగ్గరికి వచ్చాడు మేస్త్రీ. వేళ్ళతో గోడ ఎక్కమంది ఆ అమ్మాయి. రోజుకు మూడు పూటలు. నొప్పి దగ్గర ఆగమంది. ఆగడం తెలిసినవాళ్ళే ఎక్కుతారంది.

పదకొండు.

పదకొండు.

పదకొండు...

పన్నెండు.

పన్నెండో వరస వచ్చిన రోజు ఎవరికీ చెప్పలేదు. చెంబెడు నీళ్ళు తాగి, మొక్కలకు పోసి, మళ్ళీ తనే తాగాడు. భార్య చూసింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

తర్వాతి వారం గదిలో అమ్మాయి అడిగింది. "ఎంతదాకా వచ్చింది తాతగారూ?"

"పదమూడో వరస."

"వరసా? నేను మీకేమవుతానో అడగలేదండీ. చెయ్యి ఎంత ఎత్తుకు వచ్చిందని అడిగాను."

మేస్త్రీ ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత అర్థమయింది. ఇటుకల్లో వరస. చుట్టరికంలో వరస. రెండూ ఒకదాని మీద ఒకటి నిలబడేవే.

"ఆ వరసైతే మనవరాలివి," అన్నాడు. "ఈ వరసైతే పదమూడు."

"సరే అయితే. మనవరాలు చెబుతోంది, పదహారు కావాలి. భుజం ఎత్తు."

వాన పడింది. వాన ఆగింది. గోడ మీద పాచి మొలిచి, ఎండి, మళ్ళీ మొలిచింది. చీమలు ఎక్కాయి, దిగాయి, తెల్లటి గింజలు మోసుకుని మళ్ళీ ఎక్కాయి. వాటి పక్కనే రెండు వేళ్ళు. గరుకు, చల్లన. గరుకు, చల్లన.

పద్నాలుగు.

పదిహేను.

పదహారు వచ్చిన రోజు గుండె పరంజా చివర నిలబడ్డట్టు కొట్టుకుంది.

పదిహేడు, పద్దెనిమిది మాత్రం ఆగలేదు. ఎవరో తరుముతున్నట్టు వచ్చాయి. పందొమ్మిది! తల ఎత్తు. మేస్త్రీ గొంతులో ఏదో రాగం. ఏ పాటో అతనికే తెలీదు. వీధి చివరిదాకా వెళ్ళి బేకరీ ముందు ఊరికే అటూ ఇటూ నడిచి వచ్చాడు. కూలిన ఇటుకలు గోడవారగా పేర్చి ఉన్నాయి. వాటిని చూశాడు — పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా, చూడనట్టు.

"రెండు వారాల్లో ఇరవై నాలుగు," అన్నాడు మేనల్లుడితో. గోడ అంత ఎత్తు. ఇరవై నాలుగు వరసలు. "బంకమట్టి నానబెట్టించు."

మేనల్లుడు బంకమట్టి నానబెట్టించాడు.

చెయ్యి తిప్పే అమ్మాయికి మాత్రం నమ్మకం కుదరలేదు. గదిలో చూస్తే చెయ్యి అంత లేవడం లేదు. ఇంట్లో ఎలా లేస్తోంది? ఒక సాయంత్రం స్కూటరు మీద తనే వచ్చింది. పెరట్లో పీట వేసుకుని కూర్చుంది.

"ఎక్కండి, చూస్తాను."

మేస్త్రీ ఎక్కాడు. పద్నాలుగు, పదిహేను, పదహారు... అలవోకగా. పదిహేడు. పద్దెనిమిది. పందొమ్మిది. వెనక్కి తిరిగి చూశాడు, పరీక్ష రాసి పలక చూపించే పిల్లాడిలా.

అమ్మాయి గోడవైపు చూడటం లేదు.

కిందికి చూస్తోంది.

"తాతగారూ," అంది మెల్లగా. "చెయ్యి ఎక్కట్లేదు. మీరు ఎక్కుతున్నారు."

మేస్త్రీ కిందికి చూసుకున్నాడు.

మడమలు గాలిలో ఉన్నాయి. రెండూ. జానెడు కాకపోయినా, బెత్తెడు పైన. మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. పరంజా మీద అందని ఇటుకను అందుకునే మనిషి ఎలా నిలబడతాడో అలా — యాభై ఏళ్ళుగా ఎలా నిలబడ్డాడో అలా. అది అతను చేసిన పని కాదు. కాళ్ళు వాటంతట అవే చేశాయి. చెయ్యికి అందకపోతే అందించడం వాటికి అలవాటు. నడుము కూడా కొంచెం వెనక్కి వాలింది. ఆ గదిలో గోడలాగే.

మడమలు దించాడు.

చెయ్యి జారింది. పద్దెనిమిది. పదిహేడు.

పదహారు దగ్గర నిలబడింది.

ఒక కాకి అరిచి మానేసింది.

తూకం తప్పిన గోడ ఎవరు కట్టినా మేస్త్రీ ఒకటే చేసేవాడు. తిట్టేవాడు కాదు. తాపీ తీసుకుని వరస వెంట వరస విప్పేవాడు — తూకం ఎక్కడ తప్పిందో అక్కడిదాకా. కొత్త కూలీలు ఏడుపు మొహం పెడితే కూడా ఆగేవాడు కాదు. విప్పిన ఇటుకలు శుభ్రంగా గీకి పక్కన పెట్టేవాడు. మళ్ళీ అవే ఇటుకలు.

"మూడు వరసలు," అన్నాడు. "విప్పేద్దాం."

అమ్మాయి ఏదో ఓదార్పు మాట దాచుకుని వచ్చినట్టుంది. అది చెప్పే అవసరం రాలేదు.

ఆమె వెళ్ళాక భార్యవైపు తిరిగాడు. "నువ్వు చూడలేదా?"

"చూశా."

"ఎప్పటినుంచీ?"

"పదిహేడు నుంచీ."

"చెప్పవేం మరి?"

ఆమె చీపురు గోడకు ఆనించింది. "పాట పాడుతున్నావయ్యా," అంది. "నలభై ఏళ్ళలో మొదటిసారి. దించబుద్ధి కాలేదు."

మర్నాటినుంచీ ఆమె కూడా పనిలోకి దిగింది. పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి మేస్త్రీ మడమల కింద పెట్టేది. పక్కన పీట మీద కూర్చుని కాగితం కొస రెండు వేళ్ళతో పట్టుకునేది. అతను గోడ ఎక్కుతుంటే లాగుతూ ఉండేది. కాగితం బిగిసి ఉంటే చెయ్యి ఎక్కుతున్నట్టు. జారి చేతిలోకి వస్తే మనిషి ఎక్కుతున్నట్టు.

"వచ్చేసింది," అనేది కాగితం ఊపి.

"ఏదీ, కొసే కదా."

"కొసేంటి, నెలంతా వచ్చేసింది."

మళ్ళీ మొదలు. పదహారు. కాగితం కదల్లేదు. పదహారు. కాగితం కదల్లేదు. నిజమైన పదిహేడు పన్నెండు రోజులకు వచ్చింది. దొంగ పదిహేడు ఒక్క పూటలో వచ్చింది. కానీ ఈ పదిహేడు బరువు వేరు. వేలి కొసనుంచి మెడదాకా ఒక సన్నని దారం బిగిసినట్టు... ఎవరో లోపల దీపం పట్టుకుని మెట్టు మెట్టుగా పైకి వస్తున్నట్టు.

పద్దెనిమిది.

రబ్బరు పట్టీ తలుపు గడియకు కట్టి లాగడం. పచ్చది. తర్వాత నీలం. తర్వాత ఎర్రది — ఎర్రది మొండిది, మేనల్లుడు లాగితే తలుపు ఊడొచ్చింది.

పందొమ్మిది. ఇరవై.

భుజం మీద కోత గుర్తు ఎండలో మెరిసేది. కొత్త పూతలా. దాని కింద, ఇంతకాలం పల్లంగా ఉన్న చోట, పిడికెడు కండ తిరిగి లేస్తోంది. స్నానం చేస్తూ ఎడమచేత్తో తడిమి చూసుకునేవాడు. ఉందా? ఉంది. నిన్నటికంటే ఉందా? ఉంది.

ఇరవై ఒకటి. ఇరవై రెండు.

వానలు వెనక్కి తగ్గాయి. పొద్దున్నే నోటినుంచి పొగ వస్తోంది. బేకరీ ముందు ఎవరో టేపు పట్టుకుని బట్టీ చోటు కొలుస్తున్నారని మేనల్లుడు చెప్పాడు. ఇనప బీరువా పడుతుందా లేదా అని.

ఇరవై మూడు.

ఇరవై మూడు.

ఇరవై మూడు...

ఒక పొద్దున, కాగితం మడమల కింద బిగిసి ఉండగా, వేళ్ళకు గరుకు అయిపోయింది. సందు లేదు. ఇటుక లేదు. నాలుగు వేళ్ళూ వంగాయి. గోడ పైన అవతలివైపుకు — వీధివైపుకు — వాలాయి. అక్కడ ఎండ ఉంది. వెచ్చగా ఉంది. ముప్పై ఏళ్ళుగా పెరట్లో నిలబడి ఎప్పుడూ తాకని వెచ్చదనం.

వీధిలో ధబ్బుమని ఏదో పడింది.

"అమ్మో," అంది పాలమ్మే ఆవిడ గొంతు. "ఎవరయ్యా అది గోడ మీద వేళ్ళు పెట్టింది? మనిషా, కోతా?"

"మనిషే," అన్నాడు మేస్త్రీ.

"ఏం చేస్తున్నావయ్యా అక్కడ?"

"వచ్చా," అన్నాడు.

భార్య కాగితం వదిలేసి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, ఏమో. భుజాలు మాత్రం కదిలాయి.

చెయ్యి తిప్పే అమ్మాయి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఖాళీ చెయ్యి లేవడం వేరు, బరువుతో నిలబడటం వేరంది. నిండు ఇటుక తల పైకెత్తి పట్టుకోవాలి. వంద లెక్కపెట్టేదాకా దించకూడదు. "మూడు రోజులు వరసగా. అప్పుడు బట్టీలోకి వెళ్ళండి. ఒక్క రోజు తప్పినా మళ్ళీ మొదటి రోజే."

"ఈ వరస నాకు తెలీని వరస," అన్నాడు మేస్త్రీ.

"నేను కలుపుతున్నానుగా," అంది మనవరాలు.

ముందు అరముక్క ఇటుక. తర్వాత నిండు ఇటుక. పన్నెండు అంకెలకే చెయ్యి దిగిపోయింది. ఇంకో వారానికి ముప్పై. అరవై నాలుగు. ఎనభై దగ్గర ఒకసారి ఇటుక జారి నీళ్ళ కుండ పగిలింది. భార్య కొత్త కుండ తెచ్చింది, పెరట్లో పెట్టలేదు. వంద.

వంద.

మూడో రోజు తొంభై రెండు దగ్గర ఒక చీమ చెయ్యి ఎక్కింది. మణికట్టు, మోచెయ్యి, చంక. మేస్త్రీ పళ్ళు బిగించాడు. తొంభై ఆరు. చీమ మెడ చుట్టూ తిరిగి చెవి వెనక ఆలోచిస్తూ నిలబడింది. తొంభై తొమ్మిది.

వంద.

అప్పుడు గీరుకున్నాడు. ఇటుక ఇంకా పైనే ఉంది — ఎడమచేత్తో గీరుకున్నాడు.

బట్టీ పని నాలుగు రోజులు.

మేస్త్రీ తలకు తువ్వాలు చుట్టుకుని బట్టీ నోట్లోంచి పాక్కుంటూ లోపలికి వెళ్ళాడు. మట్టి మోసే గమేళా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. బయట మేనల్లుడు. మొదటి వరసకు నలభై రెండు ఇటుకలు. పై వరసకు తక్కువ. ఆ పైన ఇంకా తక్కువ. ఒక్కో వరసా లోపలికి వాలుతూ, చిన్నదవుతూ, ఆకాశాన్ని గుండ్రంగా కోస్తూ పైకి వెళ్తోంది. మేనల్లుడు బంకమట్టి మెత్తి ఇటుక ఆనిస్తాడు. లోపల అరచెయ్యి దాన్ని అందుకుంటుంది. పక్కది వచ్చేదాకా పట్టుకుంటుంది. వరస కలిసినప్పుడు చిన్న చప్పుడు — చప్పుడు కూడా కాదు, ఒక సర్దుబాటు.

"ఒక కర్ర ముక్క ఆసరా పెట్టుకోరాదూ," అంది భార్య, బట్టీ నోటి దగ్గర కూర్చుని. నాలుగు రోజులూ అక్కడే కూర్చుంది.

"కర్రకు తెలీదు," లోపలినుంచి వచ్చింది మాట. "ఏ ఇటుక కదులుతోందో."

నాలుగో రోజు మధ్యాహ్నానికి పైన పళ్ళెమంత ఆకాశం మిగిలింది.

చివరి వరస. ఏడు ఇటుకలు.

ఈ వరస మిగతావాటిలా కలవదు. నట్టనడిమి సందులో మూత ఇటుక దిగేదాకా ఏడుకు ఏడూ పడాలనే చూస్తాయి. ఏడింటినీ ఒక్క అరచెయ్యి మొయ్యాలి, వేళ్ళు విప్పి, గొడుగులా. ఎడమచెయ్యి కిందనుంచి సందుల్లో మట్టి నొక్కుతుంటుంది. ఆ చెయ్యికి తెలిసిన పని అది. ఈ చెయ్యికి తెలిసిన పని ఇది.

ఒకటి. రెండు. మూడు.

బరువు పెరుగుతోంది. భుజంలో కుట్టు ఉన్న చోటు మేలుకుని వింటోంది.

ఐదు. ఆరు.

ఏడు.

అప్పుడు, పైన, మేనల్లుడి గొంతు. "మావయ్యా, మూత ఇటుక కొంచెం లావుంది. చెక్కుతున్నా."

"నీకంటేనా?" అన్నాడు మేస్త్రీ. మాట సన్నగా వచ్చింది.

టక్. టక్. టక్. సుత్తి చప్పుడు. ఇటుక పొడి ఆ సందులోంచి మొహం మీద రాలుతోంది. బట్టీ నోటి దగ్గర చెయ్యి తిప్పే అమ్మాయి — గదికి తాళం వేసి వచ్చింది — పైకే లెక్కపెడుతోంది. ఎనభై. తొంభై. బేకరీ ఆయన ఆమె పక్కన నిలబడి పిండి చేతులు పిండి లేని చోటల్లా తుడుచుకుంటున్నాడు. నూరు. నూట పది. టక్. టక్. నూట ముప్పై. నూట నలభై... ఆ తర్వాత అంకె ఆమెకే తప్పిపోయింది.

ఎవరూ లెక్కపెట్టడం లేదు ఇప్పుడు.

ఏడు ఇటుకల్లో ఒకటి కదులుతోంది. ఏది? మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. చిటికెన వేలి పక్కది. దాన్ని కొంచెం... ఇంకొంచెం... అదీ. ఆగింది. భుజం మండుతోంది. మండనీ. మంట ఉన్న చోట మనిషి ఉన్నట్టు. ఆరు నెలల కిందట అక్కడ ఎవరూ లేరు.

పైన వెలుతురు కదిలింది. గుండ్రటి ఆకాశం అర్ధచంద్రమయింది. గీతయింది.

చీకటి.

ఒక్కటే దెబ్బ, సుత్తి పిడితో. మెత్తగా.

గుమ్మటం మొత్తం ఊపిరి లోపలికి తీసుకున్నట్టయింది.

గోడ అవతలనుంచి, ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టు, మేనల్లుడి గొంతు. "మూత పడింది మావయ్యా. చెయ్యి తీసెయ్."

మేస్త్రీ తియ్యలేదు.

తీస్తే తెలుస్తుంది. నిలబడిందో లేదో. తీసిన క్షణంలోనే తెలుస్తుంది. బీరువానా, బట్టీనా అన్నది ఈ అరచేతి వెనక ఉంది. కానీ అది కాదు అతన్ని ఆపింది. చెయ్యి పైన ఉంది. తల దాటి. ఎవరూ ఎత్తకుండా, దేన్నీ ఆసరాగా పట్టుకోకుండా, దానంతట అదే పైన ఉంది. అది వణుకుతోంది. లేక గుమ్మటం వణుకుతోందా? రెండూ ఒకేలా ఉన్నాయి.

బట్టీ నోట్లోంచి భార్య తల లోపలికి పెట్టింది. వెనకనుంచి వెలుతురు. మొహం కనపడటం లేదు.

"ఏమయ్యా. ఉన్నావా?"

"ఉన్నా."

"చెయ్యి?"

"పైనే."

ఆమె అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది.

బయట అందరూ ఆగి ఉన్నారు. మేస్త్రీ చీకట్లో తల పైకెత్తాడు. ఏమీ కనపడలేదు. వేళ్ళు మాత్రం చూస్తున్నాయి — గరుకు, చల్లన. గరుకు, చల్లన...

ఇంకొంచెంసేపు.

ఇటుక ఇంకా తడిగానే ఉంది.